అలిపిరి బోర్డు చదివేదాకా: బడికి ముందు మా పాప తెలుగు చదువు

మూడున్నరేళ్లకు అక్షరాలు మొదలుపెట్టాం. ఐదు నిండేలోపు మా పాప తిరుపతి బస్సుల మీద ఊర్ల పేర్లు తనంతట తానే చదవసాగింది. దీనికి వాడినవి పాత పెళ్లి కార్డుల వెనక వైపు, ఒక లావు మార్కర్, బియ్యం పోసిన పళ్లెం. అసలు పనంతా అక్షరాల వరుస మార్చడంలోనే ఉంది. నేను పట్టిన వరుస ఇది.

మూడేళ్లలోపు అక్షరాల జోలికి పోలేదు. తొమ్మిది నెలల బిడ్డకు కూడా చదవడం నేర్పవచ్చని చెప్పి, దాదాపు 200 డాలర్లకు వీడియోల పెట్టె అమ్మిన కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో కేసు పెట్టింది, ఆ మాటకు ఆధారం లేదని. ఇక రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, ఏడాది బిడ్డకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ వయసులో బిడ్డకు కావాల్సింది మాట. బొమ్మల పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, మాట కింద వేలు నడుపుతూ చదివి వినిపిస్తే చాలు.

మూడు దాటాక రెండు నెలలు చప్పట్ల ఆట. తి-రు-ప-తి, నాలుగు చప్పట్లు. వ-డ, రెండు. తర్వాత "తలగడలో త తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడగాలి. "లగడ" అని బిడ్డ చెప్పగలిగిన రోజున చెవి సిద్ధమైనట్టు. దీన్ని వదిలేసి నేరుగా కార్డులు చూపిస్తే, అక్షరాలన్నీ తెలిసినా వాటిని కలిపి మాటగా పలకడం రాదు.

కార్డు అరచేయంత ఉండాలి, అక్షరం మూడు వేళ్ల ఎత్తు. బొమ్మ వేయకూడదు. గోడ చార్టులో అ పక్కన అమ్మ బొమ్మ ఉంటే బిడ్డ చూసేది బొమ్మనే. అ ఆ ఇ ఈ వరుసగా పాడిస్తే పాట వస్తుంది, నడుమ ఒక అక్షరం చూపిస్తే మొదటి నుంచి పాడుకుంటూ రావాల్సిందే. అందుకే అచ్చులతో కాకుండా గ, ర, ల, త, డ, క అనే ఆరింటితో మొదలుపెట్టాను. ఏ గుర్తూ లేకుండానే తల, కల, గడ, గలగల, తలగడ వచ్చేస్తాయి. తర్వాత ప, న చేరితే పలక, నడక, పడక. ఇవి గట్టిపడ్డాక మూడు వారాలు ఆగి వ, ఇంకా ఆగి మ. ప, వ, మ ఒకేసారి చూపిస్తే నెలల తరబడి తికమక. న, స జంటనూ, ద, ధ, థలనూ ఇలాగే దూరంగా ఉంచాలి.

రోజుకు పది నిమిషాలు, వారానికి రెండు కొత్త కార్డులు. వారం చివర అర్థం లేని మాట ఒకటి పేర్చేదాన్ని: డగల, రతక. అది చదివితేనే చదువు వచ్చినట్టు. తెలిసిన మాటలైతే బిడ్డ ఊహించి చెప్పేస్తుంది.

గుణింతం దగ్గర చాలా ఇళ్లలో చదువు ఆగిపోతుంది. క కా కి కీ అని ఒక్కో అక్షరానికీ పాడించడం వల్ల, "రి" ఒంటరిగా కనబడితే పలకలేరు. దీన్ని తిరగేయాలి: ఒక గుర్తు తీసుకుని, వచ్చిన అక్షరాలన్నిటికీ తగిలించాలి. దీర్ఘం వారం: తాత, కాకర, పాకాల. గుడి వారం: నగరి, గిలక. అచ్చుల్లో అ ఒక్కటి నేర్పితే అలిపిరి కూడా వచ్చేస్తుంది, అందులో అ తప్ప అన్నీ గుళ్లే. కొమ్ము రాగానే తిరుమల, తిరుపతి. ఓత్వ దీర్ఘానికి తలకోన. గుడిదీర్ఘం, ఏత్వ దీర్ఘం రెండూ వచ్చాక పీలేరు. ణ, సున్న కలిశాక రేణిగుంట.

కొమ్ములో ఒక చిక్కుంది. మిగతా అక్షరాలకు అది కుడిపక్కన అంటుకుంటే, పు, ఫు, వు లలో మాత్రం అడుగు నుంచి వస్తుంది. వ పక్కన పెడితే మ లాగా కనబడుతుంది మరి. మి, యి, మొ, యొ కూడా మిగతావాటిలా ఉండవు, వీటికి విడి కార్డులు రాయాలి.

ఒత్తుల్లో నేనూ మొదట తప్పు దారి పట్టాను. అమ్మ, అక్క, అన్న, అత్త, అయ్య ఇంటి మాటలే కదా అని వాటితో మొదలుపెట్టాను. కానీ క, త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరం పోలికే ఉండదు. బిడ్డకు దగ్గరి మాటలన్నీ ఆ ఏడింటిలోనే పడ్డాయి. వాటిని పక్కన పెట్టి అవ్వ, ముద్ద, లడ్డు, కుప్పం చేయించాను. అక్షరం తలకట్టు వదిలి కిందికి దిగడం వీటిలో కంటికి కనబడుతుంది. ఆ ఏడింటినీ తర్వాత వారానికొకటి చొప్పున చెప్పాను.

చిత్తూరు దగ్గర ఇంకో అడ్డంకి. "త్తూ"లో కొమ్ముదీర్ఘం పై త కు అంటుకుని ఉంటుంది, పలకడం మాత్రం కింది త తర్వాత. అందుకే పిల్లలు "చితూతరు" అంటారు. ఒత్తును వేలితో మూసి "తూ" చదివించి, వేలు తీసి నాలుకను ఒక క్షణం ఆపి మళ్లీ "త్తూ" అనిపించాలి. పుత్తూరుకూ ఇదే. పది పన్నెండు రోజులు పడుతుంది, తొందరపెడితే వెనక్కి పోతుంది.

ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. తమిళ లిపిలో క, గ లకూ ప, బ లకూ ఒకే అక్షరం కాబట్టి, ఆ లిపికి అలవాటుపడిన పెద్దలు కూర్చుని చెప్పేటప్పుడు కల–గల, పడి–బడి జంటలను ముందుగా చెవికి వినిపించాలి.

రాయడం ఐదేళ్ల దాకా అడగలేదు. బియ్యంలో వేలితో గీయడం ఒక్కటే. బలపం నోట్లో పెట్టుకునే వయసు కూడా అదే. అక్షరాభ్యాసం రోజు రాయించే "ఓం నమః శివాయ"లో సున్న, విసర్గ, గుడి, దీర్ఘం అన్నీ ఉంటాయి. అది దీవెన, మరునాటి నుంచి దాన్నే పలక మీద దిద్దించాల్సిన పని లేదు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ లను చివరికి ఉంచాను. ఙ, ఞ లకు కార్డులే రాయలేదు, మా పాప చదివే బోర్డుల్లో అవి విడిగా రావు.