ఆమె నాకును తల్లి

"ప్రభువునందు ఏర్పరచబడిన రూఫునకు వందనములు, అతని తల్లికి వందనములు, ఆమె నాకును తల్లి" (రోమా 16:13).

ప్రభువునందు ప్రియులకు వందనాలు.

రోమా పత్రిక మీద వరసగా ప్రసంగించే సేవకులు 8వ అధ్యాయం దగ్గర వారాల తరబడి ఉంటారు. 12వ అధ్యాయం దగ్గర మళ్లీ ఆగుతారు. 16కు వచ్చేసరికి "ఇక్కడ పౌలు కొందరికి వందనాలు చెబుతున్నాడు" అని ఒక్క మాటతో ముగించేస్తారు. ఇంట్లో రోజూ బైబిలు చదువుకునేవాళ్లదీ అదే తీరు. నోరు తిరగని పేర్లు రాగానే కళ్లు వాటి మీదుగా జారిపోతాయి. ఆదివారం మందిరంలో కూడా ఇదే చూస్తున్నాను. వాక్యం ముగిసి, కార్యదర్శి గారు ప్రకటనల కాగితం పట్టుకుని లేచారో లేదో, వెనక బెంచీల్లో సంచులు సర్దుకోవడం మొదలవుతుంది. బండి తాళాలు చేతుల్లోకి వస్తాయి. ఒకరు ఫోన్ చూసుకుంటారు, ఇంకొకరు పిల్లల్ని లేపుతారు. దేవునికి ఇవ్వాల్సింది ఇచ్చేశాం, ఇక మిగిలింది ఆఫీసు పని అన్నట్టుంటుంది.

ఇది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. సువార్తను అంత లోతుగా వివరించిన ఆ పత్రిక చివర పరిశుద్ధాత్మ దేవుడు మనకోసం భద్రపరచినవి ఏమిటి? ప్రకటనలే. ఫలానా సహోదరి మీ దగ్గరికి వస్తోంది, చేర్చుకోండి. ఫలానా ఇంట్లో సంఘం కూడుకుంటోంది. ఫలానావాళ్లు నాతో పాటు చెరలో ఉన్నవాళ్లు. కొంచెం ముందు, 15వ అధ్యాయంలో, యెరూషలేములోని బీదలైన పరిశుద్ధుల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు చందా పోగుచేసిన సంగతి ఉంది. ఇవన్నీ ప్రకటనలు కాకపోతే మరేమిటి? వీటిని దేవుడు తన గ్రంథంలోంచి తీసేయలేదు. మనమేమో ఆరాధనలోంచి తీసేస్తున్నాం.

పౌలు అప్పటికి రోమాలో అడుగు పెట్టలేదు. మిమ్మల్ని చూడాలని ఎన్నో ఏళ్లుగా ఆశపడుతున్నానని అదే పత్రికలో రాశాడు. అయినా 3వ వచనం నుంచి 15వ వచనం వరకు 24 మందికి పేరుపెట్టి వందనాలు చెబుతాడు. పేరు లేకుండా ఇద్దరు స్త్రీలను, ఒకరు రూఫు తల్లి, ఇంకొకరు నేరెయు సహోదరి, గుర్తుచేసుకుంటాడు. తాను చూడని సంఘంలో ఇంతమంది పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎంత ప్రయాసపడ్డారో ఆయనకు తెలుసు. అకుల ప్రిస్కిల్లలు కొరింథులో ఆయనతో కలిసి డేరాలు కుట్టినవాళ్లే. మిగతావాళ్లలోనూ కొందరు ఆయనతో నడిచినవాళ్లే. రోమాకు వెళ్లిపోయాక కూడా ఆయన ప్రార్థనలోంచి వాళ్లు జారిపోలేదు. పక్క బెంచీలో ఏళ్ల తరబడి కూర్చునే సహోదరుని ఇంటిపేరు కూడా తెలియని మనం, పౌలు విశ్వాసాన్ని ఏ నోటితో మెచ్చుకుంటాం?

ఆ పేర్లన్నిటిలో నా హృదయం ఎప్పుడూ రూఫు తల్లి దగ్గరే ఆగిపోతుంది.

మార్కు 15:21లో సిలువ మోసిన కురేనీయుడైన సీమోనును పరిచయం చేస్తూ, మార్కు "అలెక్సంద్రునకును రూఫునకును తండ్రి" అంటాడు. మార్కు సువార్త మొదట రోమా విశ్వాసుల కోసం రాసినదని సంఘంలో చాలా పాత కాలం నుంచి చెప్పుకుంటారు. అందుకే ఈ రూఫు ఆ సీమోను కొడుకేనని చాలామంది వ్యాఖ్యాతలు తలుస్తారు. లేఖనం ఇద్దరూ ఒకరేనని సూటిగా చెప్పలేదు కాబట్టి నేనూ అంతదూరం వెళ్లను. కానీ అదే నిజమైతే ఆ ఇంటిని ఒక్కసారి తలచుకోండి. పొలం నుంచి వస్తున్న ఇంటి యజమానిని సైనికులు బలవంతంగా పట్టుకుని, తనది కాని సిలువను భుజాన పెట్టారు. ఆ సాయంత్రం అలసిపోయి ఇంటికి వచ్చిన భర్తకు ఎదురొచ్చిన భార్య ఈమే అయ్యుంటుంది.

ఆమె పౌలుకు ఎప్పుడు తల్లి అయింది? జ్వరంలో పక్కన కూర్చుందా, రాళ్ల దెబ్బల గాయాలు కడిగిందా, చలికి వణుకుతుంటే కప్పుకోవడానికి ఏమైనా ఇచ్చిందా? పౌలు రాయలేదు. రాయాల్సిన అవసరం లేకపోయింది, చదివేవాళ్లకు తెలుసు. పౌలు కన్నతల్లి ఎవరో లేఖనాలు చెప్పవు. ఆయన సహోదరి కుమారుడు అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో ఒక్కసారి కనిపించి, మేనమామ ప్రాణం కాపాడతాడు, అంతే. సువార్త కోసం అన్నీ నష్టంగా ఎంచుకున్న మనిషికి దేవుడు వేరే ఇంట్లో అమ్మను సిద్ధపరచాడు.

మార్కు 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట ఇదే కదా. నా నిమిత్తమూ సువార్త నిమిత్తమూ ఇంటినీ తల్లినీ పిల్లలనూ విడిచినవాడు ఇప్పుడు, ఈ లోకంలోనే, హింసలతో పాటు నూరంతలుగా ఇండ్లను, తల్లులను, పిల్లలను పొందుతాడు. ఆ వాగ్దానాన్ని ఎత్తిపట్టి ప్రార్థించేవాళ్లు చాలామంది. ఆ నూరంతల తల్లులు ఎక్కడినుంచి రావాలో ఆలోచించేవాళ్లు తక్కువ. వాళ్లు ఆకాశం నుంచి దిగిరారు. మన సంఘంలోనే, మన బెంచీల్లోనే కూర్చుని ఉన్నారు. ఒకరి అవసరం వాళ్ల చెవిన పడాలి. ఆ వాగ్దానం నెరవేరడానికి దేవుడు చాలాసార్లు వాడుకునే సాధనం, మనం సంచి సర్దుకుంటూ వినకుండా వదిలేసే ఆ నాలుగు మాటలే.

నా ఇంట్లో ఇది జరిగింది. మా రెండో కాన్పు అప్పుడు పాస్టరమ్మను అనుకోకుండా ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. పెద్దవాడికి మూడేళ్లు. మా బంధువులు రావడానికి ఇంకా సమయం పడుతుంది. ఆ ఆదివారం కార్యదర్శి గారు కాగితం చివర రాసుకున్న రెండు వాక్యాలు చదివారు. సాయంత్రానికి సంఘంలోని ఒక విధవరాలు బట్టల సంచితో మా గుమ్మంలో నిలబడి, "అయ్యగారూ, మీరు ఆస్పత్రికి వెళ్లండి, బాబు దగ్గర నేనుంటాను" అన్నారు. అంతకు ముందు ఆవిడ మా ఇంటికి వచ్చింది కూడా తక్కువే. పాస్టరమ్మ బిడ్డతో ఇంటికి వచ్చేసరికి పెద్దవాడి తెల్ల చొక్కాకు నీలం దారంతో కుట్టిన గుండీ ఉంది. తెల్ల దారం దొరకలేదట. ఆ చొక్కా పొట్టి అయ్యేదాకా పాస్టరమ్మ ఆ దారం మార్చలేదు. వాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. రిజల్ట్స్ వస్తే మాకంటే ముందు ఆవిడకే ఫోన్ చేస్తాడు. ఆవిడ గురించి రాయమంటే నేను కూడా పౌలు రాసిన ఆ మూడు మాటలే రాస్తాను.

అయితే ఒక హెచ్చరిక చేయాలి. సంఘం సంగతులు వేరు, సంఘం మీద చాడీలు వేరు. ఈ మధ్య చాడీలు కొత్త బట్టలు కట్టుకుని "ప్రార్థన మనవి" అనే పేరుతో తిరుగుతున్నాయి. "పలానా వాళ్ల అమ్మాయి కోసం ప్రార్థన చేయండి, విషయం మీకు తెలుసుగా..." అని మొదలుపెట్టి గుట్టంతా విప్పేస్తారు. కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును, నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును అని సామెతలు 11:13 అంటోంది. పౌలు ఎలా చేశాడో చూడండి. కొరింథులో కలహాలున్నాయని రాసేటప్పుడు, ఆ సంగతి తనకు క్లోయె ఇంటివారివలన తెలిసిందని పేరుతో సహా చెప్పేశాడు, అదీ ఆ సంఘానికే సూటిగా రాశాడు. మన దగ్గరేమో "ఎవరో అంటుంటే విన్నాను" అంటారు, అదీ సంబంధం లేనివాళ్లతో. ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు సహోదరీల మధ్య పొరపొచ్చాలు వచ్చినప్పుడు పౌలు ఇద్దరినీ బతిమాలాడు, వాళ్లు సువార్త పనిలో తనతో ప్రయాసపడ్డవాళ్లని అందరికీ గుర్తుచేశాడు, వాళ్లకు సాయపడమని ఇంకొకరిని అడిగాడు. తప్పు ఎవరిదో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఒక సంగతి చెప్పబోయే ముందు, ఆ ఇంటివాళ్లు వెనక నిలబడి వింటున్నా ఇలాగే చెబుతానా అని మిమ్మల్ని మీరు అడగండి. రోగం సంగతి ప్రకటించాలన్నా ముందు ఆ మనిషిని అడగాలి. ఫిలిప్పీ సంఘం పౌలు దగ్గరికి పంపిన ఎపఫ్రొదితు తాను రోగియైన సంగతి తనవాళ్లకు తెలిసిందని విచారపడ్డాడు. రోగికి తన రోగం ఒక్కటే బాధ కాదు, తనవాళ్లు కంగారు పడతారన్నది ఇంకో బాధ.

ఇక ఇంటి సంగతికి వస్తాను. తల్లిదండ్రులారా, దయచేసి వినండి. అకుల ప్రిస్కిల్లల ఇంట సంఘం ఉండేది. కుటుంబం ఉండే గదిలోనే సంఘం కూడుకునేది. ఆ ఇంట్లో సంఘం వార్త ఇంటి వార్తే. మన ఇళ్లలో పిల్లలు సంఘం గురించి వింటున్నదేమిటి? ఆరాధన నుంచి వచ్చి భోజనానికి కూర్చోగానే మైక్ బాగోలేదు, పాట సాగదీశారు, ప్రసంగం ఎక్కువైంది, కమిటీలో వాళ్లు ఇట్లా వీళ్లు అట్లా. వారం వారం అదే వింటూ పెరిగిన పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు మందిరానికి రానంటే, ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి "అయ్యగారూ, మావాడి కోసం ఉపవాసం ఉండండి" అంటారు. ఉంటాను, తప్పకుండా ఉంటాను. కానీ ఆ భోజనాల దగ్గరి మాటలు కూడా ఆగాలి. తన ఇంటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని 1 తిమోతి 3:5 మా సేవకులను అడుగుతోంది. ఆ ప్రశ్న నన్ను ప్రతి రాత్రీ నా పిల్లల మంచం పక్కకు తీసుకెళ్తోంది.

కుటుంబ ప్రార్థనకు ప్రకటనల కాగితం తీసుకుని కూర్చోండి. రోజుకు రెండు పేర్లు చాలు. పిల్లల చేత చదివించండి, వాళ్ల మాటల్లోనే ప్రార్థన చేయనివ్వండి. మా చిన్నమ్మాయి ఒక పెద్దాయన పేరు పలకలేక "నడుం నొప్పి తాతయ్య" అని ప్రార్థిస్తుంది. తర్వాత "తగ్గిందా నాన్నా?" అని అడుగుతుంది. జవాబు తెలియకపోతే ఫోన్ చేయక తప్పదు. అలా ఫోన్ చేసిన ఒక రాత్రి ఆయన నా పిల్లతో ఎంతసేపు మాట్లాడారో! చాలా రోజులుగా ఇంట్లో ఒంటరిగా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటే ఇది తెలిసేది కాదు. బొమ్మ పెట్టొద్దని నేను అనడం లేదు. పెట్టాక లేచి వెళ్లమంటున్నాను.

నా తోటి సేవకులకు కూడా ఒక మనవి. ప్రకటనలను మనమే తేలిక చేశాం. వాటి కోసం ప్రార్థించం, ఆఖరి నిమిషంలో గిలికిన కాగితం ఎవరో ఒకరి చేతిలో పెడతాం. పెట్టినా, ముందు వచ్చే పేర్లు ఎవరివి? పెద్ద కానుక ఇచ్చినవాళ్లవి. రోమా 16లో పౌలు ప్రయాసపడ్డారని మెచ్చుకున్నది నలుగురిని: మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. నలుగురూ స్త్రీలే. పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తు పేరు కూడా ఉంది, కానీ చివర్లో, ఒకే ఒక్క వాక్యంలో. ఆయన పక్కనే, అదే వచనంలో, సహోదరుడైన క్వర్తు. ఆయనకు వేరే బిరుదు లేదు, సహోదరుడు అంతే. అందరికంటే ముందు వచ్చి మందిరం ఊడ్చే అక్క పేరు మీ ప్రకటనల్లో ఆఖరిసారి ఎప్పుడు వినిపించింది?

ఫీబే సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె కెంక్రేయలో సంఘ పరిచారకురాలు. పౌలు ఈ పత్రికను ఆమె చేతికే ఇచ్చి పంపాడని సంఘం చాలా కాలంగా నమ్ముతోంది. తెలియని నగరానికి వెళ్తున్న ఆమెను పరిశుద్ధులకు తగినట్టు చేర్చుకోండి, ఆమెకు ఏది అవసరమైతే అందులో సాయం చేయండి అని ఆయన రాశాడు. మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వేరే ఊళ్లకు వెళ్తున్నారు. హాస్టల్ చూస్తాం, అద్దె ఇల్లు చూస్తాం, సంఘాన్ని మాత్రం "వాడే చూసుకుంటాడులే" అని వదిలేస్తాం. మొదటి నెల వెళ్లడు, రెండో నెల సిగ్గుపడతాడు, ఆ తర్వాత అడిగేవాళ్లుండరు. మీ అబ్బాయో అమ్మాయో ఈ ఏడాది ఊరు మారుతుంటే ముందే నాకు చెప్పండి. అక్కడి కాపరికి నేనే ఉత్తరం రాసి ఇస్తాను, ఫోన్ కూడా చేస్తాను. పేరు, ఎప్పుడు వెళ్తున్నారో, అక్కడ ఎక్కడ ఉంటారో ఒక కాగితం మీద రాసి ఆదివారం ఆరాధన తర్వాత నా చేతికి ఇవ్వండి. అలాగే చదువు కోసం మన దగ్గరికి కొత్తగా వచ్చిన యౌవనస్థులు కొందరు కుడివైపు వెనక బెంచీలో కూర్చుంటున్నారు. వాళ్లను భోజనానికి పిలవగలిగిన కుటుంబాలు తమ పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి.