ఆఖరిసారి కలుద్దాం అంటే మాత్రం వెళ్ళకండి

వెంటపడేవాడు ఎవడైనా ఏదో ఒకరోజు ఈ మాట అంటాడు, ఒక్కసారి కలువు, ఇదే ఆఖరు, మళ్ళీ నీ జోలికి రాను అని. ఇంట్లోవాళ్ళు కూడా పోనీలే వెళ్ళి నచ్చజెప్పేసి రా అంటారు. వద్దు. బెదిరించినోడి దగ్గరికి ఒంటరిగా అస్సలు వెళ్ళొద్దు, పట్టపగలైనా, కాఫీ షాప్ అయినా.

మా పిన్ని కూతురు అమీర్‌పేట్‌లో హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒకడు ఇలాగే తగులుకున్నాడు. మొదట్లో గుడ్ మార్నింగ్‌లు, తర్వాత పొద్దున్నే "ఈరోజు పచ్చ డ్రెస్ బాగుంది" అని మెసేజ్, అది అప్పుడే హాస్టల్ గేటు దాటుతోంది! ఇంట్లో చెప్తే చదువు మాన్పించేస్తారని చాలా రోజులు నోరు విప్పలేదు, నాకు చెప్పింది కూడా వాడు యాసిడ్ మాట ఎత్తాకే. మా తమ్ముడేమో నలుగురిని తీసుకెళ్ళి నాలుగు తగిలిద్దాం అన్నాడు, సినిమా బుద్ధి, అలా చేస్తే కేసు మనమీదకే తిరుగుతుంది, వాడికి ఇంకా కసి పెరుగుతుంది.

చట్టం కూడా కొంచెం తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో స్టాకింగ్ 78వ సెక్షన్, బెదిరింపులు 351. ఇష్టం లేదని స్పష్టంగా తెలిసాక కూడా వెంటపడటమే స్టాకింగ్, అందుకే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాకు ఇష్టం లేదు మళ్ళీ కాంటాక్ట్ చేయొద్దు అని మెసేజ్ పెట్టేసి ఇక తిట్టొద్దు, బతిమాలొద్దు, దేనికీ రిప్లై ఇవ్వొద్దు.

బ్లాక్ చేసే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకొకరికి పంపండి. స్క్రీన్‌షాట్ వెంటనే తీయాలి, వాడు డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేస్తాడు. మా చెల్లి వాడి నంబర్‌ని "ఎత్తొద్దు" అని సేవ్ చేసుకుంది, స్క్రీన్‌షాట్లన్నిటిలో పైన ఎత్తొద్దు అనే ఉంది, అసలు నంబరే కనపడదు! కాంటాక్ట్ తీసేసి మళ్ళీ తీయాల్సొచ్చింది (నవ్వు కూడా వచ్చిందనుకోండి ఆ టెన్షన్‌లో).

షీ టీమ్స్ (ఆడవాళ్ళని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు బృందాలు) 2014 నుంచి ఉన్నాయి మన తెలంగాణలో, వాట్సాప్‌లో కూడా కంప్లైంట్ తీసుకుంటారు. ఆన్‌లైన్ వేధింపులైతే cybercrime.gov.in లో, ప్రమాదం ఎదురుగా ఉంటే ఆలోచించకుండా 100 గానీ 112 గానీ. రూమ్ సైబరాబాద్ పోలీసుల కిందకి, కాలేజీ హైదరాబాద్ పోలీసుల కిందకి వస్తే ఎక్కడికెళ్ళాలి అని తిరగక్కర్లేదు, జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా రాయాలి, కాపీ ఫ్రీగా ఇవ్వాలి. కంప్లైంట్‌లో "వేధిస్తున్నాడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి, ఏ తేదీ, ఎన్నింటికి, ఎక్కడ, ఏమన్నాడు, వాడన్న మాట వాడన్నట్టే రాయండి, బూతైనా సరే.

ఇంకోటి, స్టాకింగ్ మొదటిసారి అయితే బెయిలబుల్, బెయిల్ హక్కుగా వచ్చేస్తుంది. అంటే కేసు పెట్టగానే లోపలేసేస్తారు అనుకోవద్దు, పైగా వాడు బాగా రెచ్చిపోయేది కూడా అప్పుడే. అందుకే మేం కంప్లైంట్ ఇచ్చిన రోజే చెల్లిని మా ఇంటికి తెచ్చేసుకున్నాం, వాచ్‌మన్‌కీ కిరాణా షాపాయనకీ వాడి ఫోటో చూపించాం, స్టేటస్‌లు పెట్టడం ఆపించాం, క్లాసుకెళ్ళే టైమ్, మెట్రో దిగే స్టేషన్ మార్చేసింది. మా బాబాయ్ ఊరినుంచొచ్చి రోజూ దిగబెట్టేవారు, చదువు మాన్పిస్తారనుకున్న ఆయనే.