కుట్టు పాఠానికి కెమెరా ఎక్కడ పెట్టాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కుట్టుపని నేర్పడం నా ఉద్యోగం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే ఎక్కువ. కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలూ ఉన్నారు. బడుల్లో వృత్తి విద్యకు పుస్తకాలు తయారుచేసేది భోపాల్‌లోని పండిట్ సుందర్‌లాల్ శర్మ కేంద్ర సంస్థ. ఆ పుస్తకాలకు తోడుగా వీడియో పాఠాలు కూడా వాడమని మాకు చెప్పారు. నాకు దొరికినవి చాలావరకు హిందీలోనే ఉన్నాయి. మా గదిలో ఒక టీవీ, కాలితో తొక్కే మిషన్లు కొన్ని ఉన్నాయి. కరెంటు పోయినా మిషను నడుస్తుంది కానీ పాఠం ఆగిపోతుంది. అందుకే వీడియోలన్నీ ముందే ఫోనులోకి దించి పెట్టుకునేదాన్ని.

మొదట్లో పాఠం మొత్తం ఒకేసారి వేసి చూపించాం. పిల్లలు కదలకుండా చూశారు, అడిగినవాటికి జవాబులూ చెప్పారు. మిషను ముందు కూర్చోగానే మాత్రం సూదిలోకి దారం ఏ వైపు నుంచి ఎక్కించాలో కూడా తోచలేదు. ఇందులో పిల్లల లోపమేమీ లేదు. టీవీ పాఠం పుట్టుకే అటువంటిది. 1975లో ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఒడిశాతో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు పాఠాలు ప్రసారం చేశారు. ఊరంతా కలిసి చూసే ఆ పెట్టెను మధ్యలో ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ విద్యా చానెళ్లు, స్వయంప్రభ, ఒకే కార్యక్రమాన్ని రోజులో పలుమార్లు వేస్తాయి, అయినా చేయి అందుకునేదాకా పాఠం ఆగదు. చరిత్రో సైన్సో అయితే అలా విన్నా కొంత నిలుస్తుంది. చేతిపని నిలవదు. ఫోనులో ఉన్న వీడియోను మాత్రం ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. ఆ వీలు చుట్టూనే నా బోధన అంతా మార్చుకున్నాను.

వీడియో లేకపోతే చూపించలేని విషయం ఒకటుంది. సూది గుడ్డలోకి దిగి కొంచెం పైకి లేవగానే దాని వెనుక దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. కింద ఉండే షటిల్ అనే కొక్కెం మొన ఆ ఉచ్చును పట్టుకుని, అడుగు దారం చుట్టిన బాబిన్ అనే చిన్న కండె చుట్టూ తిప్పుతుంది. పైనున్న మీట దారాన్ని లాగేసరికి రెండు దారాలూ గుడ్డ మధ్యలో ముడిపడతాయి. ఇదంతా రెప్పపాటులో పలక కింద జరిగిపోతుంది. ఎన్నేళ్లు కుట్టినవాళ్లయినా దీన్ని కళ్లతో చూసి ఉండరు. మెల్లగా నడిచే వీడియోలో పిల్లలు చూశారు. ఆపమన్నారు, వెనక్కి తిప్పమన్నారు, మళ్లీ చూశారు. అడుగున దారం ఉండలు కడితే బాబిన్‌దే తప్పని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు పై దారమే వదులుగా ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదాన్ని దించి ఉంచి దారం ఎక్కిస్తే, అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చోదు. ఈ సంగతి నేను నోటితో ఎంత చెప్పినా ఎక్కలేదు. పైకి ఎర్ర దారం, బాబిన్‌కు నీలం దారం వేసి తెల్లగుడ్డ మీద కుట్టి, రెండు వైపులా దగ్గరగా వీడియో తీసి చూపించాక, అడుగున ఎర్ర ఉచ్చులు కనబడితే ఎక్కడ వెతకాలో పిల్లలే చెప్పడం మొదలుపెట్టారు.

అప్పటి నుంచి సొంతంగా వీడియోలు తీయడం మీద మనసు పెట్టాను. బయట దొరికే వీడియోల్లో కుట్టే మనిషి మనకు ఎదురుగా కూర్చుంటుంది. ఆమె కుడిచేయి తెర మీద ఎడమ వైపు కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల దాన్ని మనసులో తిరగేసుకుని కుట్టాలి. నేను ఫోనును నా భుజం వెనుక, కొంచెం ఎత్తులో కట్టించాను. అలా తీస్తే తెర మీది చేతులు చూసేవాళ్ల సొంత చేతుల్లాగే కనిపిస్తాయి. వెలుగు ఎడమ వైపు నుంచి పడాలి, లేకపోతే కుడిచేతి నీడ సూది మీదే పడుతుంది. ముఖం కనబడనక్కర లేదు. ఒక్కో వీడియోలో ఒక్క పనే ఉండాలి: బాబిన్ చుట్టడం, మూల దగ్గర సూదిని గుడ్డలోనే ఉంచి పాదం ఎత్తి గుడ్డ తిప్పడం, జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపువి కాకుండా కత్తిరించడం. ఆ చివరిదాన్ని పిల్లలు తెగ చూశారు, ఎందుకంటే అక్కడ పొరపడితే గుడ్డ పోయినట్టే.

వీడియో నేర్పలేనివీ ఉన్నాయి. మిషను చక్రం మనవైపే తిరగాలి. తొక్కుడు కాస్త తడబడితే అది వెనక్కి తిరిగి దారం తెగుతుంది. ఆ తొక్కుడు లయ కాలికే తెలియాలి. దానికి దారం లేని సూదితో గీతల కాగితం మీద కుట్టించడమే మార్గం. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ ఎంత సాగుతుందో కూడా వేళ్లతో లాగి చూస్తేనే తెలుస్తుంది. ఈ రెండింటికీ నేను టీవీ కట్టేస్తాను. వీడియోలతోనే శిక్షణ పూర్తి చేయవచ్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పిల్లలకు సొంత ఫోన్లు లేవు. నాన్న పనినుంచి వచ్చాక రాత్రి కాసేపు ఫోను దొరుకుతుంది, అప్పుడు ఇంట్లో మిగతావాళ్లు నిద్రపోతుంటారు. అందుకని మాటలు వినకపోయినా అర్థమయ్యేలా వీడియోలు తీస్తున్నాను. మాట అవసరమైన చోట తెలుగులో, ఒడియాలో విడివిడిగా చెబుతాను. గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్న ఊరు ఇది. ఇక్కడ సవర పిల్లలకు మాత్రం వాళ్ల మాటలో పాఠం లేకపోవడం నాకు బాధగా ఉండేది. హాస్టల్ అమ్మాయి ఒకతె, “నేను చెప్తాను మేడమ్” అని ముందుకొచ్చింది. బాబిన్ పాఠానికి ఆమె గొంతు ఎక్కించాం. పరీక్షలు అయ్యాక తక్కినవాటికీ చెబుతానంది. ఈలోగా మిషను విప్పి శుభ్రం చేసి నూనె వేసే పాఠం తీయాలి. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా అడుగుతున్నది అదే.