మూల మీద బండి లేకపోతే

సెప్టెంబరు, మంగళవారం

పొద్దున బాబుని స్కూల్లో దింపడానికి నాన్న కూడా నాతో వచ్చారు. తెనాలి నుంచి వచ్చాక ఈ ఊళ్లో ఆయనకి బాగా నచ్చింది నడక. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న మా హోబోకెన్ మొత్తం కలిపి ఒకటింబావు చదరపు మైలు, అందులో అరవై వేల మంది జనం. బజారైనా బడైనా నడిచే వెళ్లొచ్చు. ఆర్టీసీలో జీవితమంతా బస్సు నడిపిన మనిషి కాబట్టి నడుస్తున్నా ఆయన కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. నేను ఇళ్లూ చెట్లూ చూస్తుంటే ఆయన మలుపులు చూస్తుంటారు.

మాడిసన్ స్ట్రీట్ మూల దగ్గర ఆగిపోయారు.

"అమ్మా, వీధి పొడుగునా ఇంత సందు లేకుండా కార్లు పెట్టారు కదా, మూల దగ్గర మాత్రం ఎవరూ పెట్టలేదేం?"

పెట్టకూడదు నాన్నా అని చెప్పాను. జీబ్రా గీతలకి 25 అడుగుల లోపు బండి ఆపకూడదని న్యూజెర్సీ చట్టం. చట్టం రాష్ట్రమంతటికీ ఉంది, చాలా ఊళ్లలో ఎవరూ పట్టించుకోరు. ఈ ఊరు చేసిన మంచి పనల్లా ఆ 25 అడుగుల్లో అసలు బండి పట్టకుండా చేయడం. కొన్ని మూలల్లో ప్లాస్టిక్ స్తంభాలు పాతారు, గుద్దినా వంగి మళ్లీ లేచి నిలబడేవి. కొన్నిచోట్ల సైకిల్ స్టాండ్లు పెట్టారు. ఇంకొన్నిచోట్ల ఫుట్‌పాత్‌నే రోడ్డులోకి ముందుకు కట్టి అందులో మొక్కలు వేశారు. మూల దగ్గర చూపుకి అడ్డం లేకుండా చేయడం అన్నమాట, ఇక్కడి ఇంజనీర్లు దీన్ని డేలైటింగ్ అంటారు.

నాన్నకి అంతకు మించి చెప్పాల్సిన పని లేకపోయింది. "మనిషి కనపడ్డాకే కదమ్మా కాలు బ్రేకు మీదకి పోయేది. ఆగున్న లారీ ముందు నుంచి పిల్లాడు ఒక్కసారిగా వచ్చాడంటే ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఏం చేస్తాడు?" అంటూ బాబు చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

ఆ మాట రెండు వీధులు దాటాక నాకు బాగా అర్థమైంది. అక్కడింకా స్తంభాలు పెట్టలేదు. సరుకులు తెచ్చిన వ్యాను ఒకటి సరిగ్గా మూల మీదే ఆపి ఉంది. అవతల ఏం వస్తోందో చూడాలంటే నేను రోడ్డులోకి రెండడుగులు వేయాలి. నేనైతే మెడ సాచి చూడగలను. బాబుకి ఆరేళ్లు, ఇక్కడి పెద్ద కార్ల బానెట్ ఎత్తు కూడా లేడు. వాడికి కారు కనపడదు, కారులో వాళ్లకి వాడు కనపడడు. వచ్చిన కారు ఆగింది, ఏమీ కాలేదు. అయినా స్కూలు గేటు దాకా నాకు టెన్షన్ తగ్గలేదు.

తిరిగొచ్చేటప్పుడు కావాలనే ముందుకు కట్టిన మూలలున్న దారిలో తీసుకొచ్చాను. నాన్న ఒక మూల దగ్గర నిలబడి కార్లు తిరగడం చాలాసేపు చూశారు. మూల విశాలంగా ఉంటే డ్రైవరు స్పీడు తగ్గించకుండా తిప్పేస్తాడట. ఇక్కడ అంచు ముందుకు వచ్చింది కాబట్టి దాదాపు ఆపినంత పని చేసి తిప్పాల్సిందే. "పోలీసు అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు, రోడ్డే ఆపుతోంది" అన్నారు. నడిచేవాళ్లకీ దాటాల్సిన దూరం తగ్గుతుంది. మా అపార్ట్‌మెంట్లో కర్రతో నడిచే పెద్దావిడ ఉంది, ఆమెకి ఆ తగ్గిన నాలుగడుగులే చాలా ఎక్కువ.

2022లో ఊరంతా వేగ పరిమితి గంటకి 20 మైళ్లు చేశారు. అంటే 32 కిలోమీటర్లు. అమెరికాలో చేసిన ఒక లెక్క నేనెప్పుడూ మర్చిపోను. 37 కిలోమీటర్ల వేగంలో కారు గుద్దితే నడిచేవాళ్లలో పదిమందిలో ఒకరు చనిపోతారు, 68 దగ్గరైతే ఇద్దరిలో ఒకరు. అందుకే నాకు ఈ మూలలూ ఆ పరిమితీ వేరువేరు పనులుగా అనిపించవు. 2017 జనవరి తర్వాత ఏళ్ల తరబడి ఈ ఊరి వీధుల్లో రోడ్డు ప్రమాదంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఇంత ఇరుకు ఊళ్లో, పక్కనే న్యూయార్క్ ఉండగా! ఇది చెప్పినప్పుడు నాన్న నడక ఆపి, "ఒక్కరు కూడానా?" అని రెండోసారి అడిగారు.

మధ్యాహ్నం వాన కొట్టింది. ఈ ఊరికి వానంటే భయం. ఊళ్లో పడమటి సగం పల్లం, వాననీరూ మురుగునీరూ చాలాచోట్ల ఒకే గొట్టంలో పోతాయి. 2012లో శాండీ తుఫానుకి హడ్సన్ నది వీధుల్లోకి వచ్చేసింది. గొడుగులు తీసుకుని బాబు కోసం బయల్దేరితే, వాషింగ్టన్ స్ట్రీట్‌లో నాన్న మూలమీది మొక్కల మడి దగ్గర కూర్చుండిపోయారు. మడి రోడ్డు కంటే పల్లంగా ఉంటుంది, అంచు రాయిలో గండి. రోడ్డు మీద నీళ్లు ఆ గండిలోంచి లోపలికి పోయి మట్టిలోకి ఇంకుతాయి. మరీ ఎక్కువైతేనే పైనున్న జాలీలోంచి డ్రైనేజీలోకి. మొక్కలు స్థానికంగా పెరిగేవే, వేళ్లు లోతుకి పోయే గడ్డి, మధ్య నలుపూ చుట్టూ పసుపూ ఉన్న పూలు.

"దోమలు చేరవూ?" అన్నారు. నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతాయి, దోమ గుడ్డు పెట్టి పిల్లలవడానికి అంత టైం చాలదు అంటే ఒప్పుకున్నారు. ఆయనకి నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. మొక్కలు మోకాలి ఎత్తు దాటనివ్వట్లేదు. పచ్చదనం పేరుతో గుబురు పొద వేసినా ఆగున్న వ్యానంత అడ్డమే.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన విసుక్కున్నారు. కారు పెట్టడానికి చోటు దొరక్క అరగంట తిరిగారట. "మావయ్యగారూ, ఆ మూలల్లో ఊరంతా కలిపి ఎన్ని కార్లు పడతాయో తెలుసా?" అన్నారు. ఆ కష్టం నిజమే, నేను కాదనను. కానీ ఆ 25 అడుగులు పార్కింగ్ కోసం ఇచ్చిన చోటు ఎప్పుడూ కాదు, ఎవరూ పట్టుకోలేదు కాబట్టి వాడుకున్నాం. మా బాబు దాటే చోట ఇంకొకరి కారు ఉండకూడదంటే, వాళ్ల పిల్లలు దాటే చోట మా కారు ఉండకూడదు. నేను ఇంకా అరగంట తిరగడానికైనా సిద్ధం. ఈయన వాదించలేదు. పొద్దున వ్యాను ఆగిన మూల ఫొటో తీసి, అక్కడ కూడా స్తంభాలు పెట్టమని సిటీ వాళ్లకి మెయిల్ రాద్దామంటే తనే టైప్ చేసి పంపారు.

నాన్న ఈలోపు పాత డైరీలో తెనాలిలో మా వీధి చివరి మూల గీశారు. ఒకవైపు ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని ఆనుకుని స్కూటర్లు, ఎదురుగా టిఫిన్ బండి, స్కూలు ఆటోలు. వానొస్తే అక్కడే మోకాలు లోతు నీళ్లు, అందరూ నడిరోడ్డు మీద నడుస్తారు. కూడలి దగ్గర బండి ఆపకూడదని మన దేశంలోనూ నిబంధన ఉంది. టిఫిన్ బండిని లేపేయకూడదు, పది గజాలు ఇవతలికి జరిపితే బేరం ఏమీ పోదన్నారు, నాకూ అదే న్యాయం అనిపించింది. మూడు వైపులా రాళ్లు పాతి సున్నం కొట్టించడానికి వీధివాళ్లు తలా కొంత వేసుకుంటారట. మొక్కల మడి కష్టం, మన నల్లరేగడిలో నీళ్లు తొందరగా దిగవు, కింద ఇసుకా కంకరా పోయించాలి. మొక్కలకి మాత్రం ఎంత ఆలోచించారో. చివరికి బిళ్లగన్నేరు అని రాసుకున్నారు. ఎత్తు పెరగదు, ఎండకి తట్టుకుంటుంది, గేదెలూ మేకలూ ముట్టుకోవు.