ఏమీ జరగని ఏడాదికి మొక్కు

పాలబ్బాయికి మూడు రోజులు పాలు వద్దని చెప్పి, కుండీల్లో మొక్కలకి నీళ్లు పోసే పని ఎదురింటావిడకి అప్పగించి, ఒంగోలులో రాత్రి బండెక్కాం. బెర్తు మీద దుప్పటి పరుస్తూ అప్పుడు అడిగాను అత్తయ్యని, "ఇంతకీ ఈ మొక్కు దేనికత్తయ్యా?" అని.

ఆవిడకి అరవై ఏడేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. అలాంటి మనిషి అలిపిరి నుంచి తిరుమల కొండకి నడిచే వెళ్తానని ఉగాది నాటి నుంచి ఒకటే పట్టు. పాప చదువు గురించో, మా ఆయన ఉద్యోగం గురించో ఏదో ఉండే ఉంటుంది, నాకు చెప్పడం లేదంతే అనుకున్నాను.

"ఏమీ జరగలేదు కదమ్మాయ్, అందుకు" అంది.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. మామయ్య మాత్రం పై బెర్తు వైపు చూస్తూ ఊరుకున్నారు. ఆయనకి ముందే తెలుసన్నమాట.

అంతకు ముందు రెండేళ్లలో మా ఇంట్లో జరగనిదంటూ లేదు. మామయ్యకి గుండె ఆపరేషన్ అయింది. ఆయన ఇంటికొచ్చిన రెండో నెలలో మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ వానాకాలమే పాపకి డెంగీ. పొలం సరిహద్దు దగ్గర దాయాదులతో తగువు సరేసరి. ఫోను మోగితే చాలు, ఎత్తేముందు ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. ఆ రోజుల్లో ఒక రాత్రి అత్తయ్య ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీలో కూర్చుని మొక్కుకుందట: "స్వామీ, నాకు పెద్దపెద్దవేం వద్దు. ఒక్క ఏడాది మా ఇంట్లో ఏమీ జరగకుండా చూడు. నడిచి వస్తా."

ఏడాది గడిచింది. ఏమీ జరగలేదు. ఆ సంగతి నేను గమనించనే లేదు.

తెల్లారుతుండగా అలిపిరి చేరాం. మామయ్యని తీసుకుని మా ఆయన బస్సులో కొండెక్కేట్టు, ఆడవాళ్లం ముగ్గురం నడిచేట్టు ముందే అనుకున్నాం. నేను, అత్తయ్య, తొమ్మిదేళ్ల మా పాప. పాదాల మండపంలో పాదుకలు నెత్తిన పెట్టుకుని ఒక చుట్టు తిరిగి మెట్ల దగ్గరికి వచ్చాక అత్తయ్య సంచిలోంచి రెండు స్టీలు డబ్బాలు తీసింది. ఒకదాంట్లో నీళ్లతో కలిపిన పసుపు, ఇంకోదాంట్లో కుంకుమ.

నా గుండె జారిపోయింది. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. ప్రతి మెట్టుకీ బొట్టు పెడుతూ వెళ్లేవాళ్లను నేను చూశాను. వాళ్ల నడుములు ఏ ఉక్కుతో చేసినవో.

"అన్నిటికీ కాదులే" అంది నా మొహం చూసి. "రోజుకొకటి. మూడు వందల అరవై ఐదు. ఆపైన ఉత్త నడకే."

స్వామికి లెక్క చెప్పాలని ఆవిడ పంతం. తప్పేం లేదు. స్వామి తన పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి డబ్బు కొలిచీ కొలిచీ అలిసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని అన్నగారు గోవిందరాజస్వామి కింద ఊళ్లో పడుకున్నాడని చెప్పుకుంటాం కదా. ఆ ఇంట్లో లెక్కలు గట్టివే.

మొదటి మెట్లు అత్తయ్యే పెట్టింది. ఉంగరం వేలితో పసుపు అద్ది, దాని మధ్యలో కుంకుమ. వంగినప్పుడల్లా ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. గోవింద నామాలనుకుని దగ్గరికి వెళ్లి విన్నాను. "ఇది మీ మామయ్య గుర్తు చెయ్యకుండానే మాత్రలేసుకున్న రోజుకి. ఇది గ్యాసు బండ అయిపోయిన రోజే కొత్తది వచ్చినందుకు. ఇది పాప జ్వరం లేకుండా బడికి పోయిన రోజుకి."

"నేను రోజూ అలాగే పోయాగా నానమ్మా" అంది పాప.

"అదే చెప్తున్నా" అంది ఆవిడ.

నలభయ్యో మెట్టు దగ్గర ఆవిడ వంగి, లేవలేక గోడ పట్టుకుంది. ఇక చాలని పసుపు డబ్బా నేను లాక్కున్నాను. కుంకుమ పాప తీసుకుంది. ఆవిడ పక్కన నిలబడి లెక్కపెట్టేట్టు, మేం బొట్లు పెట్టేట్టు ఒప్పందం. దానికీ ఒక షరతు పెట్టింది. ఊరికే పెట్టకూడదట. ఏ రోజుకో చెప్పి పెట్టాలట.

వేలు పసుపులో ముంచాను. ఒక్క రోజూ గుర్తుకు రాలేదు.

ఆసుపత్రి రోజులు అడిగితే వారాలతో సహా చెప్తాను. ఏ మంగళవారం ఆపరేషనో, ఏ శుక్రవారం పాప ప్లేట్‌లెట్లు ఎంతకి పడ్డాయో, ఆ రోజు నేను కట్టుకున్న చీరేదో. బాగున్న రోజులు మాత్రం తడి తగిలిన అప్పడాల కట్టలాగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీద్దామంటే రావు. వేలి మీద పసుపు ఆరిపోతోంది. వెనక జనం పక్కనుంచి దాటుకుని వెళ్తున్నారు.

పాపకి ఆ ఇబ్బంది లేదు. "ఇది నాన్న జడేసిన రోజుకి" అని బొట్టు పెట్టేసింది.

అవును, వేశాడు. ఆ రోజు నాకు తెల్లవారుజామునే ఆఫీసు పని పడి ముందే వెళ్లిపోయాను. మా ఆయన యూట్యూబ్ చూసి జడేశాడు. పాపిడి వంకర, ఒక పక్క ఉబ్బు, చివర రబ్బరు బ్యాండు రెండు చుట్లకే వదిలేశాడు. సాయంత్రం నేను విప్పి సరిగ్గా వేస్తానంటే పాప తల పట్టుకోనివ్వలేదు. ఆ జడతోనే పడుకుంది.

అది తలుచుకోగానే ఇంకోటి కదిలింది. మామయ్య గురక. ఆపరేషన్ అయి వచ్చిన కొత్తల్లో రాత్రి గురక ఆగితే నాకు మెలకువ వచ్చేసేది. మా ఆయన లేచి, చీకట్లో ఆ గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి వినిపిస్తోందో లేదో చూసి వచ్చేవాడు. ఒక్కోసారి వెళ్లేసరికి అత్తయ్య మంచం మీద కూర్చునే ఉండేదట, ఆయన ఛాతీకేసి చూస్తూ. అదే గురక గురించి మొన్న వేసవిలో "అబ్బా, నిద్ర పట్టనివ్వరు ఈయన" అని విసుక్కుని దిండు చెవి మీద పెట్టుకున్నాను. ఆ విసుగు మళ్లీ మా ఇంటికి ఏ రాత్రి తిరిగొచ్చిందో తెలియదు. ఏదైతేనేం, ఆ రాత్రికని ఒక మెట్టుకి పసుపు పెట్టాను. గురకకి మెట్టుపూజ చేసినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

తర్వాత చెయ్యి ఆగలేదు. కరెంటు పోయి అందరం డాబా మీద పడుకుంటే సగం రాత్రి జల్లు పడి చాపలు చుట్టుకుని పరిగెత్తిన రోజుకి. ఆవకాయలో ఉప్పు ఎక్కువైందని తెలిసీ ఎవరూ పైకి అనని రోజుకి. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం పడ్డాక మా ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్లి మల్లెపూలు కాకుండా దోమల బ్యాటు కొనుక్కొచ్చిన రోజుకి. (డెంగీ చూసిన ఇల్లు మాది. నాకు కోపం రాలేదు.)

నూట యాభై దాటాక అత్తయ్య కొంచెం సర్దుకుని, "మనం పోట్లాడుకున్న రోజుకి కూడా ఒకటి పెట్టు" అంది.

పప్పులో ఇంగువ వెయ్యడం దగ్గర మొదలై, మా పుట్టింటి వంటల దాకా పోయిన గొడవ అది. రెండు రోజులు ఇద్దరం పాపని మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నాం.

"దానికెందుకత్తయ్యా?"

"ఆసుపత్రి రోజుల్లో ఒక్కసారైనా పోట్లాడుకున్నామటే? ఇంగువ కోసం అరుచుకునే తీరిక దొరికింది కదే మనకి."

రెండు పెట్టాను. మాటల్లేని రోజులు రెండు కదా.

తలయేరు గుండు దగ్గర ఆగాం. ఆ బండకి తల, మోకాళ్లు ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మకం. ఎన్ని తలలు తగిలాయో, బండ నున్నగా అరిగింది. అత్తయ్య రెండు మోకాళ్లూ శ్రద్ధగా ఆనించి, "చూద్దాం" అంది. భక్తి భక్తే, ఆవిడకి ప్రతిదీ రుజువు కావాలి.

మూడు వందల అరవై ఐదో మెట్టుకి మాత్రం ఆవిడే వంగింది. ఏ రోజుకని మేం అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

మిగతా దారి అందరి దారే. గాలిగోపురం వచ్చేదాకా ప్రాణం పోతుంది, ఆ తర్వాత నడక తేలిక. ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలు, మజ్జిగ, అరగంటకోసారి పై నుంచి మా ఆయన ఫోను, "ఎక్కడిదాకా వచ్చారు?" అని. ఏడో మైలు దగ్గర అత్తయ్య పాప చెయ్యి పట్టుకుంది, ఇక కొండ చేరేదాకా వదల్లేదు. 2023 ఆగస్టులో ఈ నడకదారిలోనే ఒక ఆరేళ్ల పాపని చిరుత పొట్టనబెట్టుకుంది. వాళ్లూ మాలాగే గోవిందా అంటూ మెట్లెక్కిన కుటుంబమే. ఆ మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాప మాత్రం "చెమట పడుతోంది నానమ్మా, వదులు" అని రెండుసార్లు గింజుకుంది.

మోకాళ్ల మెట్టు దగ్గర మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. ఈ కొండ మీద కాలు మోపకూడదని రామానుజులవారు ఇక్కడ మోకాళ్ల మీద ఎక్కారని అంటారు. పాప ఇక రానని కూలబడింది. అప్పుడు అత్తయ్య అన్నమయ్య కథ ఎత్తుకుంది. పిల్లాడిగా ఇంట్లో చెప్పకుండా కొండకి బయల్దేరి, ఇక్కడికొచ్చేసరికి ఆకలితో సొమ్మసిల్లి పడుకుంటే, అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువలా వచ్చి, "చెప్పులు విప్పి ఎక్కు నాయనా" అని చెప్పి ప్రసాదం తినిపించిందని.

"తిట్టలేదా? ఇంట్లో చెప్పకుండా వచ్చినందుకు?"

"ముందు అన్నం పెట్టింది. ఆకలితో ఉన్నవాణ్ణి ఎవరైనా తిడతారా?"

ఈ నియమం మా ఇంట్లో నిజంగానే అమల్లో ఉంది. మా ఆయన ఉద్యోగం పోయిందని చెప్పిన సాయంత్రం కూడా అత్తయ్య అన్న మొదటి మాట, "కాళ్లు కడుక్కో, వడ్డిస్తా."

దర్శనం క్యూలో కంపార్ట్‌మెంటులో ఆరు గంటలు కూర్చున్నాం. పాలు ఇచ్చారు, ఉప్మా ఇచ్చారు. మా పక్కన చిత్తూరు వైపు పెద్దాయనొకరు పాపతో కబుర్లు మొదలుపెట్టారు. "లడ్డూలు, వడలు, పొంగళ్లు ఎన్ని చేసినా పాపా, గర్భగుడి గడప, అదే కులశేఖర పడి, దాటి స్వామి దగ్గరికి పోయేది పెరుగన్నం ఒకటే. అదీ ఓటికుండలో. తెలుసునా నీకు?" కుమ్మరి భీముడు పని మధ్యలో లేవలేక, చేతికంటిన మట్టితోనే పూలు చేసి స్వామికి పెడితే, తొండమాను రాజు సమర్పించిన బంగారు పూల కంటే అవే ఆయనకి నచ్చాయని కథ మొత్తం చెప్పారు.

అత్తయ్యకి కథకంటే పెరుగన్నం నచ్చింది. "మగపిల్లలంతా ఇంతే. పొద్దున్నుంచి నిలబడి నాలుగు రకాలు చేసిపెట్టు, చివరికి పెరుగేదంటారు" అంది. మా ఆయన తలొంచుకుని ఫోను చూసుకున్నాడు.

దర్శనం గురించి రాయడానికేం లేదు. గర్భగుడి చీకటి, దీపాలు, నామం, జరగండి జరగండి. నేను దారంతా కట్టుకున్న కోరికల జాబితా, ఇంటి లోను దగ్గర్నుంచి, ఆ తోపులాటలో ఎక్కడో జారిపోయింది. బయటికొచ్చే దారిలో గుడి వంటశాల, పోటు పక్కన వకుళమాత ఉంటుంది. కొడుక్కి నైవేద్యం సరిగ్గా వండుతున్నారో లేదో చూసుకుంటూ అక్కడే కూర్చుందని చెబుతారు. లోకాన్నంతా ఏలే కొడుకు, అయినా వంటింటి మీదనుంచి చూపు తిప్పని తల్లి. అత్తయ్య అక్కడ స్వామి దగ్గరకంటే ఎక్కువసేపు నిలబడింది. ఒకే డిపార్టుమెంటు వాళ్లు కలుసుకున్నట్టు.

"ఏం కోరుకున్నారత్తయ్యా లోపల?" అన్నాను.

"కోరుకోవడమేంటి? వస్తానన్నాను, వచ్చానని చెప్పా."

వెంగమాంబ అన్నప్రసాదం హాల్లో ఐదుగురం ఒకే వరసలో కూర్చున్నాం. మామయ్య విస్తట్లోంచి చక్కెర పొంగలి సగం తీసి అత్తయ్య తన విస్తట్లో వేసుకుంది, ఆయనకి షుగరుందని. ఆయన పాప విస్తట్లోంచి ఒక ముద్ద తీసుకున్నారు. ఆవిడ చూసింది, చూడనట్టు సాంబారు కలుపుకుంది.

మర్నాడు పొద్దున తిరుచానూరు వెళ్లి అమ్మవారిని చూసుకుని, రాత్రి తిరుగు బండెక్కాం. లడ్డూల సంచి నా తల దగ్గర. బోగీ అంతా నెయ్యి, పచ్చకర్పూరం వాసన. అత్తయ్య మోకాళ్లకి నొప్పుల మందు రాసుకుంటోంది. తలయేరు గుండు పని చేసిందా అంటే, "ఎక్కినవి ఎన్ని? ఇంతేనా నొప్పి అని చూసుకోవాలి" అంది. మామయ్య అప్పుడే గురక మొదలుపెట్టారు. ఎదురు బెర్తు కుర్రాడు విసుగ్గా అటు తిరిగి పడుకున్నాడు.

పదిన్నరకి మా ఆయన ఫోను మోగింది.

ఆ వేళకి మాకెవరూ చెయ్యరు. అత్తయ్య చెయ్యి మోకాలి మీదే ఆగింది. నేను లేచి కూర్చున్నాను. మా ఆయన నావైపు, వాళ్లమ్మవైపు చూసి ఎత్తాడు. "ఆ... ఆ... చెప్పు" అని విన్నాడు. ఫోను చేత్తో మూసి, "పాలబ్బాయి. రేపట్నుంచి వెయ్యమంటారా అని" అన్నాడు.

"లీటరున్నర వెయ్యమను" అంది అత్తయ్య. "ప్రసాదం కోసం ఎవరో ఒకరు వస్తారు, కాఫీలు పెట్టాలి."