గడియారం ఒకటే, పొద్దు వేరు

వేసవి సెలవులు మొదలైన వారంలో మేము అండమాన్ దీవులకు వెళ్లివచ్చాము. నేను పనిచేసేది కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో కాబట్టి నాకూ, మా వారికీ, పిల్లలిద్దరికీ ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) కింద విమాన ఛార్జీలు వస్తాయి. అత్తమ్మ టికెట్టు మాత్రం మేమే పెట్టుకున్నాము. తిరుపతిలో బస్సెక్కి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరడానికి పట్టిన సమయం కన్నా, చెన్నై నుంచి బంగాళాఖాతం దాటి శ్రీవిజయపురంలో దిగడానికి పట్టిన సమయమే తక్కువ. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరు ఇదే. మేమెక్కిన ఆటోల వాళ్ల నోట ఇప్పటికీ ఆ పాత పేరే వినిపించింది.

దిగిన రోజు సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గుంకి, ఆరున్నరకల్లా కటిక చీకటి పడేసరికి, అత్తమ్మ తన చేతి గడియారం నెమ్మదించిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మరునాడు నాలుగున్నరకే కిటికీ తెల్లబడింది. ఐదు దాటిన కాసేపటికి సూర్యుడు పైకి వచ్చేశాడు. సెలవుల్లో తొమ్మిదింటికి గాని లేవని మా వాడు ఐదున్నరకే ఆకలి అని కూర్చున్నాడు.

లెక్క తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మీర్జాపూర్ దగ్గర నుంచి దిగివచ్చే ఆ గీత మన కాకినాడ పక్కగా పోతుంది. తిరుపతి దానికి పడమర, సుమారు 79.4 డిగ్రీల మీద ఉంది. శ్రీవిజయపురం బాగా తూర్పున, దాదాపు 92.7 మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే ఈ రెండు ఊళ్ల పొద్దుల మధ్య సుమారు యాభైమూడు నిమిషాల తేడా వస్తుంది. పదో తరగతికి వస్తున్న మా పాప ఈ లెక్కను హోటల్ బిల్లు వెనక వేసి చూపించింది.

ఆ కాగితం అందరికన్నా ఎక్కువగా అత్తమ్మకు పనికొచ్చింది. ఆవిడ సంచిలో బట్టలకన్నా ముందు తిరుమల తిరుపతి దేవస్థానం పంచాంగం పెట్టుకున్న మనిషి. మేము హావ్‌లాక్ దీవికి, అంటే 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్న దీవికి, ఓడ ఎక్కవలసింది శనివారం ఉదయం తొమ్మిదింటికి. శనివారం రాహుకాలం మనకు తొమ్మిదికే మొదలవుతుంది. రాహుకాలం సూర్యోదయాన్ని పట్టి లెక్కించేది కాబట్టి అక్కడ ఎనిమిదింబావుకే పట్టుకుంటుందని ఆవిడ తేల్చింది. "పంచాంగం మనూరికి రాసింది గాని ఈ ఊరికి కాదు కదమ్మా" అని, ఏడున్నరకే తన సంచిని గది గడప దాటించి వరండాలో పెట్టి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టుగా ప్రస్థానం కానిచ్చింది. శాస్త్రాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించేవారిని నేను కళాశాలలో కూడా చూడలేదు.

అంతకు ముందు సెల్యులార్ జైలు చూశాము. ఏడు బారుల్లో మిగిలినవి మూడు. కట్టినప్పుడు మొత్తం 698 గదులు. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర శిక్షపడి అండమాన్‌కు వచ్చారనీ, బతికి తిరిగివెళ్లి 1952 లో లోక్‌సభకు ఎన్నికయ్యారనీ మా వారు చెబుతుంటే పిల్లలు ఆ వరండాలో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అక్కడ ఇంకొంత సేపు ఉండవలసింది, కానీ ఎండ ఉండనివ్వలేదు.

స్వరాజ్ ద్వీప్‌లో మేము దిగిన బస తూర్పు ఒడ్డున, విజయనగర్ తీరంలో ఉంది. మధ్యాహ్నం పిల్లలు ఈదిన చోట, మరునాడు పొద్దున చూస్తే నీళ్లు చాలా దూరం వెనక్కిపోయి, రాళ్లూ పగడపు దిబ్బలూ బయటపడి ఉన్నాయి. కోడూరు దగ్గరా మైపాడు దగ్గరా సముద్రం చూసినవాళ్లమే అయినా, ఆటుపోట్ల తేడా ఇంతగా కంటికి కనిపించడం మాకు కొత్త. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. చంద్రుడి నడక అలాంటిది. కాబట్టి అక్కడ స్నానానికి వెళ్లే వేళ గడియారాన్ని బట్టి కాక నీళ్లను బట్టి కుదురుతుంది. నాకు ఆ దీవిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇంట్లో పాల ప్యాకెట్టు నుంచి రాత్రి గేటు తాళం వరకు ప్రతి పనికీ అంకె చూసుకునే నేను, అక్కడ "నీళ్లు వచ్చాయా?" అని అడిగి లేచేదాన్ని.

పడమటి ఒడ్డున ఉన్న రాధానగర్ తీరానికి మమ్మల్ని తీసుకువెళ్లిన ఆటో అతను మా మాటలు విని వెనక్కి తిరిగి తెలుగులోనే పలకరించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చాడట. బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు తెలుగు మాట్లాడే కుటుంబాలు ఆ దీవుల్లో చాలానే ఉన్నాయి. "తిరపతి నుండొచ్చినారా మామ్మా? లడ్డూ ఏదైనా ఉందా?" అని అతను అడగ్గా, అత్తమ్మ సంచి అడుగు నుంచి సగం లడ్డూ తీసి చేతిలో పెట్టింది. తిరుగు ప్రయాణంలో అతను డబ్బులు తీసుకోనని చాలాసేపు మొండికేశాడు.

రాధానగర్‌లో పొద్దు గుంకక ముందే కాపలావాళ్లు ఈల వేసి అందరినీ నీళ్లలోంచి బయటికి రప్పించారు. పాప ఏరిన పగడపు ముక్కలను అక్కడే వదిలించాము. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో సంచులు వెదుకుతారు కూడా.

తిరుపతి బస్టాండులో దిగేసరికి సాయంత్రం ఆరు. ఎండ ఇంకా గోడల మీదే ఉంది, శేషాచలం కొండలు ఎర్రగా ఉన్నాయి, అయినా మా పిల్లలకు రాత్రి అయిపోయింది. ఏడున్నరకు అన్నం కంచాల ముందే నిద్రపోయి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇల్లంతా తిరిగారు. మరునాటి నుంచే నా కార్యాలయం, నలభై డిగ్రీలు దాటిన ఎండ, కరెంటు బిల్లు, పేరుకుపోయిన బట్టలు. యాత్రికులతో నిండే ఊళ్లో ఉంటూ, అలిపిరికి ఏ బస్సు ఎక్కాలో రోజుకు నలుగురికి చెప్పే నాకు, ఈసారి గుండు కొట్టించుకుని రోడ్డు దాటలేక నిలబడ్డ కుటుంబాన్ని చూస్తే విసుగు రాలేదు. వాళ్లు కూడా పొద్దు మారిన ఊరికి వచ్చినవాళ్లే అనిపించింది. ఆ ఓపిక ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. సెలవుల్లో దర్శనానికి వచ్చేవాళ్ల రద్దీలో మా వీధిలో బండి పెట్టే చోటు దొరకనప్పుడు తెలుస్తుంది.

నాలుగున్నరకు మెలకువ రావడం మాత్రం వారం దాటినా నన్ను వదలలేదు. ఆ వేళను వంటకు ఇవ్వకూడదని నిశ్చయించుకుని అలిపిరి పాదాల మండపం దాకా నడిచి వస్తున్నాను. పిల్లలు ఇప్పటికే పాత పద్ధతిలో పడ్డారు. బోర్డింగ్ పాసులు జతచేసి ఎల్‌టీసీ బిల్లు పెట్టాను, అది ఇంకా బల్లల మీద తిరుగుతోంది.

అత్తమ్మ ఇప్పుడు రామేశ్వరం అంటోంది. అదీ దీవే, తిరుపతి నుంచి నేరుగా రైలుంది, 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త పాంబన్ వంతెన మీదుగా సముద్రం చూస్తూ పోవచ్చు. పాప అట్లాసు తీసి చూసి, రామేశ్వరం కూడా దాదాపు మన రేఖాంశం మీదే ఉందని చెప్పింది. "అయితే రాహుకాలం మార్చుకునే పని లేదు, టికెట్లు తియ్యి" అన్నది అత్తమ్మ.