రాక్స్‌బర్గ్ పువ్వు, నాలుగో ఆదివారం: మళ్ళీ రెండంచులే

ఒక నేల ఆర్కిడ్ కోసం నాలుగు ఆదివారాలు, పదకొండు స్టాకులు (ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ కలిపి, అంతా పదునుగా ఉండే ఒక్క ఫోటో చేయడమే స్టాకు). అందులో పనికొచ్చేది ఒక్కటీ లేదు. తెల్లారుజామున నాలుగున్నరకి కడప నుంచి గువ్వలచెరువు ఘాటు వైపు బండి తీయడం ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది. మధ్యాహ్నం నేను కంప్యూటర్ ముందు కూర్చుని తిట్టుకోవడమే ఇంకా అలవాటు కాలేదు.

వచ్చినవాటి సంగతి ఒక్క ముక్కలో: మే నెలలో ఒక మామిడితోటలో వాండా టెస్సెలేటా అనే చెట్టు ఆర్కిడ్ దొరికింది, నిచ్చెన వేసుకుని తీశాను, బ్రహ్మాండంగా వచ్చింది. తోట రైతు దాన్ని బదనిక అన్నాడు. చెట్టు మీద మొలిచిన ప్రతిదీ మనకి బదనికే. ఇది మాత్రం చెట్టు రసం తాగదు పాపం, బెరడు పట్టుకుని వేలాడుతుందంతే. ఆ మాట చెప్పాకే కొమ్మ కొట్టేసే ఆలోచన మానుకున్నాడు.

నన్ను ఏడిపిస్తున్న నేల ఆర్కిడ్ హాబెనేరియా రాక్స్‌బర్గై. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర పేరే దానికి పెట్టారు. ఎండాకాలమంతా నేలలో గడ్డగా పడుకుని, వానలు పడ్డాక లేస్తుంది. ఆకులు నేలకి అప్పడాల్లా అతుక్కుని ఉంటాయి, మధ్యలోంచి ఒక కాడ, దాని మీద తెల్లపూలు. నేను వెంటపడుతున్న మొక్క కాడ 19 సెం.మీ., పూలు తొమ్మిది. ప్రతి పువ్వు వెనకా తేనె ఉండే తోక, స్కేలు పెడితే 27 మి.మీ. ముందుకి మూడు పాయలుగా చీలిన పెదవి. నాకు కావాల్సింది పెదవి కొస నుంచి తోక వంపు దాకా ఒక్క పువ్వు, అంతా పదునుగా. అంటే 14 మి.మీ. లోతు.

కెమెరా నికాన్ డి7500, లెన్సు ట్యామ్రాన్ 90. నిజ పరిమాణంలో, లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర పెడితే పదునుగా ఉండేది 0.6 మి.మీ. మందం. అడుగుకి 0.4 చొప్పున వేసుకుంటే 35 ఫ్రేములు. కెమెరాని ముందుకి జరిపే పట్టా, అదే ఫోకస్ రైలు, చేత్తో తిప్పేది కాబట్టి ఫ్రేముకి నాలుగు సెకన్లు, మొత్తం రెండు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ కాసేపు పువ్వు కదలకుండా ఉంటే చాలు. ఉండదు!

మొదటి ఆదివారం గాలి. అటు రామగిరి గాలిమరలని తిప్పేది ఈ గాలే, ఇక్కడ నా పువ్వుని వదులుతుందా? కాడ 6 మి.మీ. ఊగుతోంది, అంటే నా ఫ్రేము వెడల్పులో నాలుగో వంతు. ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము ఫ్లాష్ వెలుగులో కదలిక లేకుండానే పడింది. కానీ పువ్వు పక్కకి జరిగితే సాఫ్ట్‌వేర్ సర్దగలదు, మెడ తిప్పితే ఏం చేస్తుంది? ఒక ఫ్రేములో కనిపించిన చెంప ఇంకో ఫ్రేములో లేదు.

రెండో ఆదివారం ఫ్లెక్సీ తీసుకెళ్ళాను. మా వీధి చివర ఎవరిదో పుట్టినరోజుది, నెలనాళ్ళుగా దిక్కులేకుండా పడి ఉంది. నాలుగు మేకులు కొట్టి చుట్టూ కడితే రెండు పాఠాలు నేర్పింది. ఒకటి, ఫ్లెక్సీ రంగు తెల్లపువ్వు మీద పడుతుంది. ఇంటికొచ్చి చూస్తే రేకులన్నీ పసుపు పూసుకున్నాయి! తిరగేసి తెల్లటి వెనకవైపు లోపలికి పెడితే ఆ బాధ తీరింది. రెండోది, గోడలాంటి అడ్డు గాలిని ఆపదు, పైనుంచి దూకించి లోపల సుడి తిప్పుతుంది. తోటలకి ఫ్లెక్సీ కట్టకుండా సరుగుడు వరస ఎందుకు వేస్తారో అప్పుడు తలకెక్కింది.

మూడోసారి వెదురుపుల్లల మీద పారదర్శక పాలిథీన్ గుడారం. లోపల ఊదుబత్తి వెలిగిస్తే పొగ నిలువుగా లేచింది, గాలి సున్నా. పది నిమిషాలకి లెన్సు అద్దం మీద ఆవిరి. పైభాగం చింపాను.

నిన్న నాలుగో ఆదివారం. పొద్దున 5.50. పొగ దారంలా నిలువుగా పోతోంది. 35 ఫ్రేములు. ఫ్రేముల్ని కలిపే సాఫ్ట్‌వేర్ జెరీన్‌లో పెట్టాను (అలాంటిదే ఇంకోటి హెలికాన్, దాని వేగం నాకూ నచ్చుతుంది గానీ, సన్నటి అంచుల దగ్గర జెరీన్‌లోని పీమ్యాక్స్ పద్ధతే నాకు నమ్మకం). పెదవి పాయలకి మళ్ళీ రెండేసి అంచులు.

రైలు మీద అనుమానం వస్తుందని అక్కడే ఒక పరీక్ష చేసి పెట్టుకున్నాను. పువ్వుకి అటూ ఇటూ, పెదవి వరసలోనే, ఒక ఊదుబత్తి పుల్లా ఒక చీపురుపుల్లా నేలలో గుచ్చి, రైలు ముట్టుకోకుండా అంతే సమయంలో 35 ఫ్రేములు తీశాను. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి లెక్కపెడితే పుల్లలు రెండూ కలిసి 20 పిక్సెళ్ళు జరిగాయి. నా కెమెరాలో ఈ సైజుకి మి.మీ.కి 237 పిక్సెళ్ళు, కాబట్టి అది లెక్కలోకి రాదు. పువ్వు మాత్రం 260 జరిగింది. 1.1 మి.మీ., అదీ పైకే. గాలి లేదు, రైలు కదల్లేదు, మరి పువ్వెందుకు లేచినట్టు?

నా మొదటి ఊహ నీళ్ళ చుక్కలు. రాత్రి జల్లు పడింది, తొమ్మిది పూలలోనూ నీళ్ళున్నాయి. చుక్క జారినా ఆరినా బరువు తగ్గి కాడ లేస్తుంది. టిష్యూ కొసతో మూడు పెద్ద చుక్కలు అద్దేసి మళ్ళీ అదే పరీక్ష చేస్తే 90కి తగ్గింది. సంబరపడ్డాను గానీ, ఆ 90 ఎక్కడిది? ఎండ అప్పటికి గుడారం మీద పడలేదు. ఫ్లాష్ వేడి అనుకోవడానికి అది పదహారో వంతు పవర్‌లో ఉంది.

రెండో అనుమానం రాయడానికి సిగ్గుగా ఉంది. సామాను సర్దేటప్పుడు చూస్తే నా చాప అంచు ఒక ఆకు మీద ఉంది. ఆకులేమో నేలకి అతికినవి, మన్నేమో వానకి మెత్తబడ్డ ఎర్రమన్ను. నేను మోచేతుల మీద కొంచెం కొంచెం కుంగుతుంటే, ఆ ఆకు పట్టుకుని కాడని మీటలా లేపానేమో. పుల్లలు కదల్లేదంటే అవి ఆకుకి తగలకుండా లోతుగా దిగినవి. అదే నిజమైతే నాలుగు వారాలుగా గాలిని తిట్టిన తిట్లలో సగం నావే.

మధ్యలో మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చి, బోర్లా పడుకున్న నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఏం సామీ, ఏమన్నా పారేసుకున్నావా?"

"లేదు పెద్దాయనా, పువ్వు ఫోటో తీస్తాండా."

"ఈ గడ్డికా? పొగ ఏసి, డేరా కట్టి? మేం పూజేమో అనుకుంటిమి."

ఆయన అనుమానమే నయం. ఎర్రచందనం జిల్లాలో చీకటితో టార్చి, పొడుగు సంచి, బురద ప్యాంటుతో తిరిగేవాణ్ణి చూసి పూజ అనుకునేవాళ్ళు తక్కువ. అందుకే రిజర్వు ఫారెస్టు హద్దురాళ్ళకి ఇవతలే ఉంటాను. గుట్ట పేరు మాత్రం ఎవరడిగినా చెప్పను, గడ్డ తవ్వుకుపోయి కుండీలో పెట్టి చంపేవాళ్ళున్నారు.

వచ్చే ఆదివారానికి నిజ పరిమాణం పంతం వదిలేస్తున్నా. సగం సైజులో, ఎఫ్ 11లో తీస్తే రెండున్నర మి.మీ. మందం పదునుగా ఉంటుంది. రెండేసి మి.మీ. అడుగులేస్తే ఏడు ఫ్రేములు, 28 సెకన్లు. పువ్వు నిన్నటంత లేచినా ఆ వ్యవధిలో పావు మిల్లీమీటరు దాటదు. తర్వాత కత్తిరించుకుంటా. పాలిథీన్ బదులు అన్నం గిన్నెల మీద మూసే గొడుగు నెట్టు ఒకటి కొన్నాను. గాలిని ఆపదు, నెమ్మదింపజేస్తుంది, తెల్లది కాబట్టి వెలుగు కూడా మెత్తబడుతుంది. చాప మడిచి గోనెసంచి మీద, ఆకులకి జానెడు దూరంలో.

అది అయితే ఒక సాయంత్రం అక్కడే కూర్చోవాలి. ఇంత పొడుగు తోక, తెల్లరంగు, చీకటి పడ్డాక వాసన, ఇవన్నీ పొడుగు నాలుకున్న రాత్రి చిమ్మటల కోసమే. ఒక్క చిమ్మట పువ్వులో మూతి పెట్టిన ఫోటో వస్తే స్టాకులన్నీ పారేస్తాను. చలికాలంలో చెరువుగట్టు తడిగడ్డిలో జ్యూక్సిన్ అనే ఇంకో నేల ఆర్కిడ్ కోసం వెతకాలి. అది ఇంకా చిన్నది, నా మోకాళ్ళ సంగతి అప్పుడు చూద్దాం.

పూలు ఇంకో పది రోజులు నిలవొచ్చు. పెద్దాయన ఆదివారం దాకా మేకల్ని అటు తోలనన్నాడు. ఒప్పందం రెండు పొట్లాల గువ్వలచెరువు పాలకోవా, ఒకటి ముందే ఇచ్చేశాను.